గుజరాతీ గల్లీలో రెండో హెడ్‌ఫోను

కోఠీ తొక్కని హైదరాబాదు కాపురం వుండదు. పిల్లల పుస్తకాలకొకసారి, పెళ్లి చీరలకొకసారి, యేమీ లేకపోతే వూరికే తిరిగి రావడానికొకసారి ఆ రద్దీలో పడి లేచినవాళ్లమే అందరమూ. కాని సుల్తాన్ బజారు దాకా వచ్చి, బడీచౌడీలో గంటలకొద్దీ బేరాలాడి, ఆ దాపునే వున్న గుజరాతీ గల్లీలోకి తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయే యిల్లాళ్లు చాలామంది. అక్కడ చీరలుండవు మరి! వున్నవల్లా తీగల చుట్టలూ, మైకులూ, ఆంప్లిఫయర్లూ, మనిషెత్తు స్పీకర్లూను.

అసలు కోఠీ అన్న పేరు ఒక భవనం వల్ల వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీయే ఆ కోఠీ. సుల్తాన్ బజారును ఒకప్పుడు రెసిడెన్సీ బజారు అనేవారు. 1949లో ఆ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. దొరగారి కొలువుకూటంలో ఆడపిల్లలు పాఠాలు వినడం నాకు భలే ముచ్చటగా తోస్తుంది. సరే, మన ప్రయాణం అక్కడికి కాదు.

2025 జనవరిలో ఒక మధ్యాహ్నం మా అన్నయ్య కూతురూ, నేనూ చిక్కడపల్లిలో మెట్రో రైలెక్కాము. నారాయణగూడ తర్వాత సుల్తాన్ బజారే. 2020లో యీ మార్గం తెరిచాక కోఠీ మాకు రెండు స్టేషన్ల దూరమైంది. అమ్మాయి చేతి సంచీలో మూడువేల రూపాయలున్నాయి. చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న సొమ్ము.

ఆ పిల్ల మృదంగం నేర్చుకుంటున్నది. పెద్ద విద్వాంసుల రికార్డులు వినమని గురువుగారి ఆజ్ఞ. వినడానికి యింట్లో ఒక హెడ్‌ఫోను వుండనే వుంది. మంచిదే, చెవికి మెత్తగా, హాయిగా వుంటుంది. ఆ మెత్తదనమే చిక్కు. తొప్పి గుమ్మనడం బాగానే తెలుస్తుంది గాని, కుడి వైపు వేలి దెబ్బలన్నీ తడిగుడ్డలో మూటకట్టినట్టు కలిసిపోతాయి. ఏ దెబ్బ యెక్కడ పడిందో తెలియకపోతే విద్య యెట్లా వస్తుంది? పోనీ స్పీకరు పెట్టి విందామంటే, మా వదిన ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతుంది. ఇల్లు చూస్తే రెండే గదులు.

బయలుదేరే ముందు ఖర్చు లేని వైద్యాలు రెండు చేసి చూశాము. మీరూ చేయండి. మొదటిది, చెవి దిండ్లు నలిగిపోయినాయేమో చూడడం. దిండు అణిగిపోతే స్వరం మారిపోతుంది. రెండోది, ఫోనులోనే వుండే ఈక్వలైజరు. తారస్థాయి శబ్దాలను కాస్త పైకి లేపితే సగం మందికి రెండో హెడ్‌ఫోను అవసరమే వుండదని నా నమ్మకం. మా అమ్మాయికి కొంత మెరుగు కనిపించింది గాని, వేలి దెబ్బలతోపాటు తంబురా కూడా గీపెట్టడం మొదలుపెట్టింది.

గల్లీలో మొదటి దుకాణంవాడు ఓ పెద్ద కంపెనీ పేరున్న డబ్బా తీసి ఆరువందలన్నాడు. డబ్బా మీద పేరులో అక్షరం ఒకటి అటూ యిటూ అయి వున్నది! నమస్కారం పెట్టి బయటపడ్డాము. రెండో దుకాణంలో రెండు జతలు వినిపించారు. ఖరీదైనది నిజంగానే జిగేలుమన్నది. మేము మొగ్గుతున్నామనగా, అమ్మాయి ఫోను వైపు చూసి, “బాబాయ్, దీనికి వాల్యూం పెంచి పెట్టారు!” అన్నది.

ఇది అందరూ తెలుసుకోవలసిన కిటుకు. ఒకే పాటను కొంచెం గట్టిగా వింటే చాలు, అది మేలైనదిగా తోచడం మానవ స్వభావం. చెవికి యింకో గుణం కూడా వుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే యిద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని కొలిచి చూపించారు. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి మంద్రం మరీ తగ్గిపోయినట్టు వినిపిస్తుంది. పైగా ఒకే వాల్యూంలో పెట్టినా అన్ని హెడ్‌ఫోన్లూ ఒకే గట్టిగా పలకవు. ఒకదాని సెన్సిటివిటీ యెక్కువ, మరొకదానిది తక్కువ. అందుచేత రెంటినీ చెవికి సమానంగా వినిపించేట్టు సరిచేసుకుని గాని పోల్చకూడదు. మేము అట్లా చేసేసరికి ఆ జిగేలు కాస్తా చప్పబడింది.

మూడో దుకాణం సేఠ్‌గారు పెద్దమనిషి. “కూర్చోండి సార్. బేటీ, నువ్వు రోజూ వినే పాటే పెట్టు, మా పాట వద్దు,” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద గురి కుదిరింది నాకు. అమ్మాయి తనకు కంఠతా వచ్చిన తని ఆవర్తనం ఒకటి పెట్టింది.

డబ్బాల మీది అంకెలు చూడబోతే ఆయన నవ్వాడు. 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా పలుకుతుందని దాదాపు ప్రతి డబ్బా మీదా వుంటుంది. అందులో యే భాగం యెంత గట్టిగా పలుకుతుందో చెప్పకపోతే ఆ అంకె వల్ల లాభం లేదు. పనికివచ్చేది ఓంల అంకె. సాధారణంగా 32 ఓంల ప్రాంతంలో వున్నది ఫోనుతో చక్కగా పలుకుతుంది. 250, 300 ఓంలవాటికి వేరే ఆంప్లిఫయరు వుంటేనే శోభ. ఆ ఆంప్లిఫయరుకు మళ్లీ డబ్బెవరిస్తారు? తీగ లేని బ్లూటూత్ రకం గురించి కూడా అడిగాను. తాళం అభ్యసించే పిల్లకు అది వద్దన్నాడు. శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుందట. పైగా ఆ ధరలో కొంత బ్యాటరీకే పోతుంది.

చివరకు రెండు జతలు మిగిలాయి. ఒకటి వెనుక జాలీ వున్నది, ఓపెన్ రకం. 1968లో జర్మనీలో సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414 పేరుతో యీ రకానికి దారి తీసింది. రెండోది వెనుక మూత వున్నది. జాలీ జత పెట్టుకోగానే అమ్మాయి మొహం వెలిగిపోయింది. కుడి చేతి చాపు గలగలమన్నది. ఒక్కొక్క వేలూ విడివిడిగా కనిపించినట్టున్నదట! గాయకుడు కచేరీ వేదిక మీద యెదుట కూర్చున్నట్టున్నాడట. ధర రెండువేల ఆరువందలు. మూత జతలో అంత విశాలం లేదు. దెబ్బలు స్పష్టమే, పాతదానికన్నా యెంతో హుషారు, కాని గది కాస్త యిరుకైనట్టు తోస్తుంది. ధర రెండువేల మూడువందలు.

నేను జాలీ జతకే ఓటు వేశాను. త్యాగరాయ గానసభలో ముందు వరుసలో కూర్చున్న సుఖం చెవిలోకి వస్తుంటే మూడువందలకు వెనుకాడతామా?

“అంకుల్, దీని శబ్దం బయటికి వస్తుందా?” అన్నది అమ్మాయి.

ఆ గల్లీ రొదలో అది తేలే సంగతి కాదు. సేఠ్‌గారు మమ్మల్ని మేడమీది గోడౌనులోకి తీసుకువెళ్లి, తలుపు మూసి, నన్ను రెండు గజాల దూరంలో నిలబెట్టాడు. జాలీ జత వింటున్నంతసేపూ నాకు తాళం, దెబ్బ, ముక్తాయింపుతో సహా సన్నగా వినిపిస్తూనే వున్నాయి. చెవి దగ్గర దోమ మృదంగం వాయిస్తున్నట్టు! మూత జత పెట్టుకున్నప్పుడు యేమీ లేదు.

అమ్మాయి చాలాసేపు రెండూ చేతుల్లో పట్టుకుని నిలుచున్నది. మరోసారి జాలీ జత పెట్టుకుని అదే ఆవర్తనం కడదాకా విన్నది. తీసి బల్ల మీద పెట్టి, “మూత వున్నదే యివ్వండి. అమ్మకు నిద్ర పట్టాలి కదా,” అన్నది. కావాలంటే మిగతా డబ్బు నేను వేసి రెండూ కొంటానన్నాను. ఒప్పుకోలేదు. పిల్లకు వాళ్లమ్మ పట్టుదల వచ్చింది.

సేఠ్‌గారు వంద తగ్గించాడు. ఫోనుకు బెజ్జం లేదు గనుక మార్పిడి తీగ ఒకటి నూటయాభై పెట్టి కొన్నాము. 2016లో ఒక పెద్ద కంపెనీ తన ఫోనులో ఆ బెజ్జం యెత్తివేసిన దగ్గరనుంచి తక్కిన కంపెనీలెన్నో అదే దారి పట్టి, మన మీద యీ పన్ను వేశాయి. మన వుక్కపోతకు తోలు దిండ్లు పెచ్చులూడుతాయని హెచ్చరించి, అదనపు జత మరో నూటయాభైకి యిచ్చాడు. అయిదువందలు మిగిలాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. హుషారైన హెడ్‌ఫోను వాల్యూం పెంచమని వూరిస్తుంది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. దెబ్బలు విడివిడిగా తెలిసే జత దొరికితే తక్కువ వాల్యూంలోనే పని జరుగుతుంది గనుక, మా అమ్మాయి మునుపటికన్నా రెండు మెట్లు తగ్గించే వింటున్నది.

పాతదాన్ని పారవేశారా అంటారేమో. అబ్బే! కొత్తదానిలో పాత సినిమా పాటలు వినబోతే గ్రామఫోను రికార్డు గీతలన్నీ, సూది బరబరలతో సహా, చెవిలో గుచ్చుకుంటాయి. మెత్తని పాతది ఆ లోపాలన్నిటినీ కప్పిపుచ్చుతుంది. రాత్రి తొమ్మిది దాటాక మా అన్నయ్య దాన్ని తగిలించుకుని ఘంటసాలను వింటాడు. మధ్యలో వదిన టిఫిను డబ్బా సర్దమని రెండుసార్లు పిలిచినా పలకడు.