చందుర్తి వాడకట్టు

పిల్లలూ! ఊళ్ళను గురించి చెప్పేవారు సాధారణంగా కోటలూ, గోపురాలూ, జలపాతాలూ చూపిస్తారు. ఈసారి మనం చూడబోయేది ఒక పల్లెటూరి వాడ. అందులో పెంకుటిళ్ళు, వేపచెట్టు, నీళ్ళ బిందెలు, కోళ్ళు, కోతులు ఉంటాయి. ఇందులో చూడటానికి ఏమున్నదని అనకండి. పక్కపక్కన ఇళ్ళు కట్టుకుని కలిసి బతకటం మనుషులు నేర్చిన విద్యలన్నిటిలోకీ కష్టమైనది. ఆ విద్య ఎలా సాగుతున్నదో చూడాలంటే కోటకంటే వాడే మేలు.

తెలంగాణా పటం తీసి ముందు పెట్టుకోండి. కరీంనగరం నుంచి పడమరగా వెళితే రాజన్న గుడి ఉన్న వేములవాడ వస్తుంది. అక్కడినుంచి వాయవ్యంగా కోరుట్ల వైపు వెళితే, దారిలో చందుర్తి. ఒకప్పుడు ఇది కరీంనగరం జిల్లాలోది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. అంతవరకు చందుర్తి మండలంలో ఉండిన రుద్రంగి, అప్పుడే వేరే మండలమయింది. ఒక పక్క సాంచెల చప్పుడుతో మోగే సిరిసిల్ల ఉన్నది. సాంచె అంటే మరమగ్గం. మరో పక్క జగిత్యాల, కోరుట్ల పట్నాలు. నడుమ వరి, పత్తి, మక్క పండే పల్లెలు.

ఈ పక్క ఇరుగుపొరుగును "వాడకట్టు" అంటారు. మాట ఎంత బాగున్నదో చూడండి. వాడ ఒకటే అయితే చాలదు, దానికొక కట్టు కూడా ఉండాలన్నమాట. ఆ కట్టు పిలుపులోనే మొదలవుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో తండ్రిని "బాపూ" అనీ, బాబాయిని "కాకా" అనీ పిలుస్తారు. పొరుగింటాయన చుట్టం కాకపోయినా కాకే. ఎదురింటావిడ వదినె. మూలయింటి ముసలమ్మ వాడకంతకూ అవ్వ. పేరు పెట్టి పిలవవలసిన పెద్దలు వాడలో దాదాపు ఉండరు. వరస కలిపి పిలిచిన తరువాత పోట్లాడటం కొంచెం కష్టం. పోట్లాడినా, ఆ పోట్లాటను ఎక్కువ రోజులు నిలబెట్టటం మరీ కష్టం.

వాడలో మొదటి చిరాకు తెల్లవారకముందే వస్తుంది. అది కోడిపుంజు. మీరు ఇంకో గంట నిద్రపోదామనుకుంటారు. పక్కింటి పుంజు ఒప్పుకోదు. అది కూయగానే అవతలి ఇంటి పుంజు, దాని తరువాత మరొకటి, అలా వాడంతా మారుమోగుతుంది. వెలుతురు చూసి కూస్తుందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. జపాను శాస్త్రజ్ఞులు పుంజులను రాత్రీ పగలూ ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి వేళకు కూశాయి! పుంజు శరీరంలోనే ఒక గడియారం ఉన్నదని వారు 2013లో చెప్పారు. గుంపులో పెత్తనం చేసే పుంజు మొదట కూస్తుందనీ, మిగిలినవి దాని వెనక వరసగా కూస్తాయనీ 2015లో తేల్చారు. కాబట్టి మిమ్మల్ని నిద్రలేపే పుంజు, వాడలో తన హోదా ఏమిటో కూడా చెప్పుకుంటున్నదన్నమాట.

ఆ కూతకు లేచిన ఆడవాళ్ళు వాకిట సాన్పి చల్లి ముగ్గు వేస్తారు. ఇక నీళ్ళు. చాలా ఏళ్ళు వాడకంతకూ ఒకే బోరింగు ఉండేది. బిందెలు వరసగా పెట్టేవారు. ఇంట్లో పని ఉన్నవాళ్ళు తమ గుర్తుగా ఒక చెంబో, రాయో వరసలో పెట్టి వెళ్ళేవారు. ఆ రాయి ఎవరిదో, ఎవరి ముందున్నదో అనే దగ్గర లొల్లి మొదలయ్యేది. 2016లో మిషన్ భగీరథ పథకం ప్రారంభమై, నల్లాలు ఇళ్ళలోకి వచ్చాయి. బిందె నడుమున పెట్టుకుని నడిచే శ్రమ తగ్గింది. ఇది చాలా మంచి మార్పు. అయితే బోరింగు దగ్గర ఇంకొకటి కూడా దొరికేది. ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరి బర్రె ఈనిందో, ఎవరి కొడుకు దగ్గరినుంచి ఉత్తరం వచ్చిందో, అన్నీ బిందె నిండేలోపల తెలిసేవి. చిరాకు పోతూ పోతూ ఒక్కొక్కప్పుడు తనతోపాటు ఒక సంతోషాన్ని కూడా తీసుకుపోతుంది. అలాంటప్పుడు ఆ సంతోషానికి వేరే చోటు వెతికి పెట్టాలి.

పొద్దెక్కేసరికి కోతులు వస్తాయి. ఇది చిన్న చిరాకు కాదు, ఇప్పుడు తెలంగాణా పల్లెలన్నిటికీ పెద్ద కష్టం. కాయలు కోస్తాయి, తలుపు తెరిచి ఉంటే వంటింట్లోకి దూరతాయి, కోపం వస్తే కరుస్తాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం గూనపెంకల ఇళ్ళకు. గూనపెంక అర్ధచంద్రాకారంలో వంగి ఉంటుంది. కింది వరస వెల్లకిలా, పై వరస బోర్లా పరుస్తారు. వాటి సందుల్లో గాలి నిలుస్తుంది గనుక మండుటెండలో కూడా ఇల్లు చల్లగా ఉంటుంది. కోతుల గుంపు ఒక్కసారి ఆ కప్పు మీద పరుగెత్తితే పెంకలు జారిపోతాయి, పగిలిపోతాయి. వానాకాలం ముందు వాటిని సర్దించాలంటే కూలీ కావాలి, కొత్త పెంకలు కావాలి. ఆ బాధ పడలేక కొందరు పెంకలు తీసేసి రేకులు వేయించుకున్నారు. రేకు కోతికి పగలదు, కాని ఎండకు పెనంలా కాలుతుంది. చూశారా, కప్పు మీద దూకిన కోతి ఇంట్లోని ఎండాకాలాన్నే మార్చివేసింది!

కోతులను దగ్గరికి పోకుండా, దూరంనుంచే గమనించండి. తల నడినెత్తిన వెంట్రుకలు టోపీలా విప్పారి, తోక పొడుగ్గా ఉంటే అది దక్షిణ దేశపు టోపీ కోతి. తోక పొట్టిగా, నడుము వెనకభాగం ఎర్రని గోధుమరంగుగా ఉంటే అది ఉత్తరాదిన ఎక్కువగా కనిపించే రీసస్ కోతి. పూర్వం ఈ రెండు జాతులకూ గోదావరి నది సరిహద్దుగా ఉండేది. ఇప్పుడు రీసస్ కోతులు ఆ హద్దు దాటి దక్షిణానికి వ్యాపించాయి. రెండు జాతులకూ దవడల్లో సంచులున్నాయి. దొరికినదాన్ని గబగబా అందులో కుక్కుకుని, చెట్టెక్కి తీరికగా నములుతాయి. అందుకే అవి రెప్పపాటులో ఇంత సొత్తు ఎత్తుకుపోగలవు.

మరి ఇవి అడవి విడిచి వాడలోకి ఎందుకు వచ్చాయి? అడవిలో పండ్ల చెట్లు తగ్గాయి. కరీంనగరం చుట్టుపక్కల గుట్టలను గ్రానైటు రాయికోసం తొలిచారు. మరోపక్క మనుషులు గుళ్ళ దగ్గరా, రోడ్ల పక్కనా అరటిపండ్లూ, కొబ్బరిముక్కలూ పెట్టి వాటికి అలవాటు చేశారు. శ్రమ లేకుండా తిండి దొరికే చోటు వదిలి ఎవరు పోతారు? సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు 2022లో మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి పొలంలో తిప్పాడు. నిర్మల్ దగ్గర 2020లో కోతుల సంరక్షణ కేంద్రం ప్రారంభించారు. అక్కడ పట్టి తెచ్చిన కోతులకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేస్తారు.

వాడలో మాత్రం మొదటి ఉపాయం కేక. గుంపును ముందు చూసినవారు కేకవేస్తారు. రెండో ఇంటివారు పళ్ళెం వాయిస్తారు. మూడో ఇంటివారు తలుపు వేసి కట్టె పట్టుకుంటారు. ఇక్కడే ఒక చిక్కున్నది. ఎవరికివారు తమ కప్పు మీదినుంచి కోతిని తరిమితే, అది పక్కింటి కప్పు మీదికి దూకుతుంది. వారు తరిమితే మళ్ళీ మొదటి కప్పుకే వస్తుంది. పెంకలు రెండిళ్ళలోనూ పగులుతాయి, మాటలు రెండిళ్ళ మధ్యా పెరుగుతాయి. అందరూ ఒక్కసారి బయటికి వచ్చి, ఒకే దిక్కుకు తరిమితేనే గుంపు వాడ దాటుతుంది. పొరుగువాడి మీదికి తోసిన కష్టం తీరిన కష్టం కాదు.

మధ్యాహ్నం వాడ కొంచెం సద్దుమణుగుతుంది. వేపచెట్టు నీడలో ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళు ఈ పనిమీద నడిచాయి. తునికాకును నానబెట్టి, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కడతారు. చూపు మాటల మీద ఉన్నా వేళ్ళు ఆగవు. ఒకరి కట్ట తక్కువైతే పక్కావిడ నాలుగు బీడీలు బదులిస్తుంది. ఈ నీడ ఇరుగుపొరుగుకు గొప్ప సుఖం. కాని ఆ గాలిలో తంబాకు ధూళి ఉంటుంది. అది దగ్గు తెప్పిస్తుంది. అందులోని నికోటిన్ అనే విషం చర్మంగుండా కూడా ఒంట్లోకి పోతుంది. అందుచేత చిన్నపిల్లలు ఆ చాటల దగ్గర ఆడుకోకూడదు. పని చేసినవారు సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే అన్నం ముట్టాలి.

చిన్న తగాదాలకు కూడా వాడలో కొదవ లేదు. మా చూరు నీళ్ళు మీ వాకిట్లో పడుతున్నాయి. మీ మేక మా మందారం మేసింది. అన్నిటికంటే చిత్రమైనది ఆనపతీగ తగాదా. విత్తనం వేసింది ఈ ఇంట్లో, తీగ పాకింది ఆ ఇంటి కప్పుమీదికి, కాయ కాసింది అక్కడ. ఇప్పుడు కాయ ఎవరిది? మీరైతే ఏం తీర్పు చెబుతారు? తెలివైన ఇల్లాలు తీర్పుదాకా పోనివ్వదు. మొదటి కాయ తానే కోసి, కప్పు ఇచ్చిన ఇంటికి పంపిస్తుంది. ఆ సాయంత్రం గిన్నె తిరిగివస్తుంది. ఖాళీగా రాదు, అందులో ఆ కాయ కూరే ఉంటుంది.

సాయంత్రం మరో సంగతి కనిపిస్తుంది. ఈ ప్రాంతంనుంచి ఎందరో మగవాళ్ళు దుబాయి, సౌదీ, మస్కటు వంటి చోట్లకు కూలికి వెళ్ళారు. చందుర్తిలో రాత్రి తొమ్మిదయితే దుబాయిలో ఏడున్నర. భూమి ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. చందుర్తికీ దుబాయికీ రేఖాంశాల్లో సుమారు 23 డిగ్రీల తేడా ఉన్నది. హెచ్చవేసి చూడండి, గంటన్నర లెక్క సరిపోతుంది. పనినుంచి వచ్చిన తండ్రి ఆ వేళకు ఫోను చేస్తాడు. వెనక ప్రతి ఇంటా ఫోను లేనప్పుడు, ఫోనున్న ఇంటివారు అన్నం తింటూ మధ్యలో లేచి, వీధి చివరిదాకా వెళ్ళి పిలుచుకు వచ్చేవారు. విసుగు పుట్టించే పనే. అయినా పిలిచేవారు. తండ్రి వేల మైళ్ళ దూరాన ఉన్నప్పుడు, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే బండి తీసి వేములవాడ ఆసుపత్రికి తీసుకుపోయేది పక్కింటి కాకే గదా!

రాత్రి చప్పుళ్ళు మరీ స్పష్టంగా వినిపిస్తాయి. ఎక్కడో పెళ్ళి మైకు మన మంచం పక్కనే మోగుతున్నట్టుంటుంది. నిర్మలమైన రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోయే ధ్వని నేలవైపుకు వంగి దూరదూరాలకు చేరుతుంది. అందుకే పగలు వినిపించని మైకు రాత్రి నిద్ర చెడగొడుతుంది. మీ ఇంట్లో పండుగయితే ఈ సంగతి గుర్తుంచుకుని గొంతు తగ్గించండి.

బతుకమ్మ పండుగనాటికి వాడ తన అసలు రూపం చూపుతుంది. పిల్లలు తంగేడు, గునుగు తెస్తారు. ఒకరి పెరటి బంతి మరొకరి పళ్ళెంలోకి చేరుతుంది. అంతటా తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మ అయితే, వేములవాడలో ఏడో రోజునే జరుపుతారు. అందుచేత అత్తవారిల్లొకచోట, పుట్టిల్లొకచోట ఉన్న ఆడపడుచులకు రెండు చోట్లా ఆడే అదృష్టం! మొన్న చూరు నీళ్ళ కోసం తగవులాడినవారు నేడు ఒకే చుట్టులో చప్పట్లు కొడతారు. చెరువునుంచి తిరిగి వచ్చాక ఒకరి సత్తుపిండి ఒకరి చేతిలో పెడతారు.

పిల్లలూ! మీరు పట్నంలో ఉన్నా పల్లెలో ఉన్నా మీకొక వాడకట్టు ఉంటుంది. ఒక కాగితం మీద గీత గీసి, ఒక పక్క పొరుగువారివల్ల మీకు కలిగే చిరాకులు రాయండి. రెండో పక్క వారివల్ల కలిగే మేళ్ళు రాయండి. తరువాత మరో కాగితం తీసుకుని, మీవల్ల వారికి కలిగే చిరాకులూ మేళ్ళూ రాయండి. మొదటి కాగితం త్వరగానే నిండుతుంది. రెండోదానికి కొంచెం ఆలోచించవలసి వస్తుంది. అది నింపటానికి అమ్మ సాయం అడగండి, పక్కింటి అవ్వనయినా అడగండి.