ఆముదంతో నడిచే విమానాలు

విమానాశ్రయం అనగానే మనకు పొడుగాటి సిమెంటు బాటా, పెద్ద పెద్ద భవనాలూ గుర్తుకొస్తాయి. ఇంగ్లండులో, లండనుకు ఉత్తరాన బెడ్‌ఫర్డ్‌షైరు జిల్లాలో ఓల్డ్ వార్డెన్ అనే పల్లె ఉన్నది. అక్కడ విమానాలు దిగేది పచ్చిక మీద. చుట్టూ పొలాలూ, చెట్లూ. గాలి ఎటు వీస్తున్నదీ తెలియటానికి ఒక స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టం ఊగుతూ ఉంటుంది.

సిమెంటు పోయించటానికి డబ్బు లేక కాదు. అక్కడి పాత విమానాలకు పచ్చికే కావాలి. వాటిలో చాలావాటికి బ్రేకులు లేవు. తోక కింద చక్రానికి బదులు ఒక ఊతకర్ర ఉంటుంది. విమానం దిగగానే అది నాగలిలాగా గడ్డిని గీరుకుంటూ పోయి వేగం తగ్గిస్తుంది. సిమెంటు మీదయితే జర్రున జారిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి కొన్ని విమానాల ఇంజను మరీ విచిత్రం. ముందున్న పంకాతోబాటు ఇంజను కూడా గిర్రున తిరుగుతుంది! దానికి కందెనగా ఆముదం పోస్తారు. పెట్రోలులో కలిసి పలచబడకుండా ఉండే నూనె కావాలి గనక. కాలీ కాలని ఆముదం వెనక్కు చిమ్మి పైలట్ల ముఖాన పడేది. మన అమ్మమ్మలు ముక్కు మూసి తాగించే ఆముదమే అది. పాపం, ఆ పైలట్ల అవస్థ మనకు తెలియనిదా?

ఈ విమానాలను పోగుచెయ్యటం మొదలుపెట్టినవాడు రిచర్డ్ షటిల్‌వర్త్. అతను 1909 జులై 16న పుట్టాడు. సరిగా తొమ్మిది రోజులకు బ్లేరియో అనే ఫ్రెంచివాడు విమానంలో ఇంగ్లిషు ఛానల్ దాటి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆ ఏడే తయారైన అదే రకం విమానం ఒకటి 1912లో దెబ్బతిని మూలబడింది. చేతులు మారి, 1935లో అది రిచర్డ్‌కు దొరికింది. అతను దాన్ని బాగుచేయించాడు.

రిచర్డ్ మంచి సాహసి. 1933లో ఢిల్లీలో జరిగిన విమాన పందెానికి ఇంగ్లండు నుంచి తన బుల్లి విమానంలో ఎగిరి వచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరాడు. 1940 ఆగస్టు 2న, రాత్రి శిక్షణలో విమానం కూలి చనిపోయాడు. అప్పటికి అతనికి 31 ఏళ్ళు.

అతని తల్లి పేరు డొరతీ. తన కొడుకును పొట్టన పెట్టుకున్నది విమానమే గదా అని ఆమె ఆ షెడ్లు ఖాళీ చేయించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆమె అలా చెయ్యలేదు. 1944లో కొడుకు జ్ఞాపకార్థం ఒక ధర్మనిధి స్థాపించింది. ఆ ధర్మనిధివల్లనే విమానాలు నిలిచాయి. 1963 నుంచి వాటిని ప్రజలు కూడా చూస్తున్నారు.

ఆనాటి బ్లేరియో విమానం ఇప్పటికీ అక్కడ ఉన్నది. దాని ఇంజను బలం 25 అశ్వశక్తి మాత్రమే. నేటి చిన్న కారుకు అంతకన్న ఎక్కువ ఉంటుంది. ఒక పక్కకు ఒరగాలంటే తీగలతో రెక్కలనే మెలితిప్పాలి. కొంచెం గాలి వీచినా దానికి ప్రమాదమే.

అందుకని ప్రదర్శన రోజుల్లో జనం సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉంటారు. గాలి పడిపోయి, గుడ్డ గొట్టం చప్పగా వేళ్ళాడితే, బ్లేరియోను బయటికి తెస్తారు. అది టపటపా చప్పుడు చేస్తూ పచ్చిక మీద పరుగెత్తి, కాస్త ఎత్తున తిన్నగా ఎగిరి, మైదానం దాటకుండానే మళ్ళీ వాలుతుంది. గొట్టం ఊగుతూనే ఉన్నదా, ఆ రోజుకు అది షెడ్డులోనే ఉంటుంది.