పరీక్ష ఏం అడిగిందో చూడండి

అమీర్‌పేటలో ఎటు చూసినా క్లౌడ్ కోర్సుల బోర్డులే. సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం ఖాయమనడం, అది ఉత్త కాగితమని కొట్టిపారేయడం, రెండూ తొందరపాటే. ముందు ఆ పరీక్ష ఏం అడిగిందో చూడాలి. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 130 నిమిషాలు, 65 ప్రశ్నలు. ఇచ్చిన జవాబుల్లోంచి సరైనవి ఎంచుకోవాలి. డంపులు, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలు, బట్టీపట్టి గట్టెక్కే వీలు అక్కడే పుడుతోంది. రెడ్ హ్యాట్ వారి లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో ఆప్షన్లుండవు. సిస్టమ్ మీద పని చేసి చూపించాలి, రీబూట్ అయ్యాక కూడా చేసిన సెట్టింగ్‌లు నిలవాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే ఎంత మంచి పరీక్షయినా సమస్యేమిటో తనే చెబుతుంది. ఉద్యోగంలో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే సమస్యేమిటో వెతకడమే సగం పని. లాగ్‌లు అరకొరగా ఉంటాయి, ఎవరి మార్పు వల్ల జరిగిందో తెలియదు, వెనక్కి తిప్పాలా వద్దా అన్నది వెంటనే తేల్చాలి. ఆ నేర్పు పని చేస్తేనే వస్తుంది.

మరి ఫ్రెషర్‌కి అనుభవం ఎక్కడిది? న్యాయమైన ప్రశ్నే. అందుకే సర్టిఫికెట్ ఉంటే అది చూసి ఇంటర్వ్యూకి పిలవండి, పిలిచాక చెడిపోయిన లినక్స్ మెషిన్ ఒకటిచ్చి అరగంట గమనించండి. బాగుచేయలేకపోయినా ఎలా వెతుకుతున్నారో తెలుస్తుంది. క్లౌడ్ సంస్థల పార్ట్‌నర్ హోదాకి సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగులు ఇంతమంది కావాలన్న నిబంధన ఉందంటారు. నిజమే, కానీ అది కంపెనీ అవసరం. చేర్చుకున్నాక ఆ హోదా కోసం రాయించే ఏడబ్ల్యూఎస్ పరీక్షకి 150 డాలర్ల ఫీజు కంపెనీయే కట్టాలి, ఉద్యోగం లేని పిల్లల మీద ఆ భారం వెయ్యకూడదు.