రైళ్ళు లేని రైల్వే స్టేషన్

సెయింట్ లూయిస్‌కి చుట్టాలొస్తే అందరం ముందు ఆర్చ్ దగ్గరకే తీసుకెళ్తాం. నేను మాత్రం ఆ తర్వాత యూనియన్ స్టేషన్ కూడా చూపిస్తాను. డౌన్‌టౌన్‌లో మార్కెట్ స్ట్రీట్ మీద, ఎత్తైన గడియారం గోపురంతో కోటలా ఉంటుంది. కిందటిసారి మా అత్తగారు అంతా కలియజూసి, "స్టేషన్ అన్నావు, రైళ్ళేవే?" అన్నారు.

రైళ్ళకేం, ఒకప్పుడు లెక్కలేనన్ని వచ్చేవి. థియొడోర్ లింక్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఈ స్టేషన్‌ని 1894 సెప్టెంబరు 1న తెరిచారు. మంచి రోజుల్లో 22 రైల్వే కంపెనీల బళ్ళు ఈ ఒక్క చోటికే వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి రోజుకి లక్షమంది ప్రయాణికులట! నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. రైలు నేరుగా లోపలికి వచ్చేది కాదు. స్టేషన్ దాటి ముందుకెళ్ళి, వెనక్కి నడుస్తూ షెడ్డులోకి చేరేది. అలాగైతే ఇంజను దూరంగా ఉండిపోతుంది, పొగ జనం మీదకి రాదు. ఇది చెప్పగానే అత్తగారు, తన చిన్నప్పుడు రైలు దిగితే నెత్తి నిండా మసేనని, కంట్లో నలుసు తీయించుకోవడానికే అరగంట పట్టేదని చెప్పారు.

లోపల గ్రాండ్ హాల్ దగ్గర ఒక కమాను ఉంది. ఈ చివర గోడవైపు తిరిగి గుసగుసలాడితే ఆ చివర ఉన్నవాళ్ళకి స్పష్టంగా వినిపిస్తుంది. శబ్దం చెదిరిపోకుండా వంపు వెంటే పాకుతూ పోతుంది. నేను చదివిన బీఎస్సీ ఫిజిక్సు ఇలాంటి చోట్లే అక్కరకొస్తుంది! అటు చివర్నుంచి అత్తగారు పంపిన మొదటి సందేశం: "ఇక్కడ కాఫీ దొరుకుతుందా?"

యుద్ధం అయ్యాక కార్లు, హైవేలు, విమానాలు వచ్చి రైలుని మింగేశాయి. 1978 అక్టోబరు 31న ఇక్కడి నుంచి చివరి ఆమ్‌ట్రాక్ బండి వెళ్ళింది. 1985లో హోటలు, షాపులతో మళ్ళీ తెరిచారు. షాపులు కొన్నాళ్ళు కళకళలాడి వెలవెలబోయాయి. 2019లో అక్వేరియం, 200 అడుగుల జెయింట్ వీల్ పెట్టారు. పదకొండెకరాల పైచిలుకు ఉన్న ఆ షెడ్డు కింద ఇప్పుడు పిల్లలు చేపల్ని చూస్తున్నారు.

అత్తగారిది సికింద్రాబాద్. 1874 నుంచీ ఉన్న ఆ స్టేషన్‌లో, మనందరికీ గుర్తున్న ముందువైపు భవనాన్ని 2025లో కొత్తదాని కోసం పడగొట్టారు. ఆ వీడియో ఆవిడ ఫోన్లో ఇంకా ఉంది. అక్కడ రైళ్ళున్నాయి, భవనం పోయింది. ఇక్కడ భవనం ఉంది, రైళ్ళు పోయాయి. ఏది నయం అంటే నేను రైళ్ళే అంటాను. ఆవిడ ఒప్పుకోలేదు.

రైలెక్కాలనుంటే మాత్రం నిరాశపడకండి. 2008లో తెరిచిన గేట్‌వే స్టేషన్ అక్కడికి నాలుగు వీధుల అవతలే. చికాగోకి దాదాపు అయిదు గంటలు. పులిహోర కట్టుకెళ్ళండి.