ఇష్టంగా అడ్డు నిలుస్తాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌కీ ఈ పత్రికకీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. పాతికేళ్ళుగా నేనుంటున్న ఇండియానాపోలిస్‌లో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. 1987 నుంచి దాదాపు ఏటా, చలికాలం చివర్లో, కాలేజీ ఆటగాళ్ళని వృత్తి జట్లవాళ్ళు పరీక్షించి చూసుకునే ‘కంబైన్’ మా ఊళ్ళోనే జరుగుతోంది. ఏప్రిల్లో డ్రాఫ్ట్. 32 జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. ముందు పేరు పిలిస్తే ఎక్కువ డబ్బు, వెనక పిలిస్తే తక్కువ. ఈ రెండు నెలలూ మా ఇంట్లో భోజనాల బల్ల మీద మా అబ్బాయి లాప్‌టాప్, అందులో వాడు తయారుచేసుకున్న పట్టికా ఉంటాయి. కూర గిన్నె పెట్టడానికి చోటుండదు.

ఆ పట్టికలో నన్ను పట్టుకున్నది టైట్ ఎండ్‌ల పేజీ. టైట్ ఎండ్ అంటే ముందు వరసలో చివర నిలబడేవాడు. అతనికి పనులు రెండు. తన వెనక బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దారి చేయడానికి ఎదుటి జట్టు మనిషిని ఒంటితో అడ్డుకోవాలి. మరో ఎత్తులో తనే పరిగెత్తి బంతి అందుకోవాలి. ఎప్పుడు ఏ పని చేస్తాడో ఎదుటివాళ్ళకి చివరిదాకా తెలియకూడదు. ఇంటి పనీ బయటి పనీ ఒకే ఒంటితో చేయాల్సిన స్థానం మగవాళ్ళ ఆటలో ఒకటుందని నేను ఊహించలేదు.

పట్టికలో పట్టిన బంతులెన్ని, సాధించిన గజాలెన్ని, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, నిలబడి ఎంత ఎత్తు ఎగిరాడు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తాడు, అన్నిటికీ గడులున్నాయి. అడ్డు నిలవడానికి మాత్రం గడి ఖాళీ. అదేమిట్రా అని అడిగితే, “దానికి అధికారిక లెక్క లేదమ్మా, టేప్ చూసి తెలుసుకోవాలి” అన్నాడు.

సరే, చూశాను. మొదటిసారి ఏమీ కనబడలేదు. కన్ను బంతి వెంట పోతుంది. అడ్డు నిలిచేవాణ్ణి చూడాలంటే బంతిని చూడకుండా ఉండటం నేర్చుకోవాలి. వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, అతని పాదాలు ఎక్కడున్నాయి, నడుము ఎంత వంచాడు, చేతులు ఎదుటివాడి ఛాతీ లోపలివైపు పడ్డాయా బయట పడ్డాయా అని చూడాలి. అతను సరిగ్గా చేస్తే తెర మీద ఏమీ జరగదు. ఎవరో వెనకనుంచి హాయిగా పరిగెత్తుకుపోతారు, చప్పట్లు వాళ్ళకి. సరిగ్గా చేయకపోతేనే అతను కనబడతాడు. ఇల్లు సర్ది ఉన్నప్పుడు ఎవరికీ కనబడదు కదా, ధూళి ఉంటేనే కనబడేది. కంబైన్‌లో ఈ సంగతి తేలదు. అక్కడ కవచాలుండవు, తిరిగి తోసే మనిషి ఉండడు.

2017 డ్రాఫ్ట్ తీసుకుందాం. ఆ ఏడాది అలబామా నుంచి వచ్చిన ఓ.జె. హోవర్డ్ 40 గజాలు 4.51 సెకన్లలో పరిగెత్తాడు, అయోవా నుంచి వచ్చిన జార్జ్ కిటిల్ 4.52లో. తేడా సెకనులో నూరో వంతు. హోవర్డ్ కాలేజీలో 114 బంతులు పట్టాడు. కిటిల్ మొత్తం నాలుగేళ్ళలో 48. హోవర్డ్‌ని 19వ స్థానంలో తీసుకున్నారు. ఇంకో ఏడుగురు టైట్ ఎండ్‌లు అయిపోయాక 146వ స్థానంలో కిటిల్ పేరు పిలిచారు. హోవర్డ్ కూడా అడ్డు నిలవడంలో గట్టివాడేనని అప్పట్లో చెప్పుకున్నారు, కిటిల్‌కి గాయాలున్నాయి, కాబట్టి అంతా అంధత్వమే అనను. కానీ అయోవాలో బంతిని చేతపట్టుకుని పరిగెత్తే ఆటే ఎక్కువ, టైట్ ఎండ్ అక్కడ తన ప్రతిభని ఎక్కువగా దారి చేయడంలోనే ఖర్చుపెడతాడు. ఆ ఖర్చు అతని పేరు కింద జమ కాలేదు. 2018లో కిటిల్ 1,377 గజాలు సాధించాడు. అప్పటికి టైట్ ఎండ్‌లలో అదే రికార్డు. ఆ తర్వాతే అతను ఎంత బాగా అడ్డు నిలుస్తాడో అందరూ రాయడం మొదలుపెట్టారని నాకనిపిస్తుంది. బంతి పట్టాకే ఒళ్ళు కనబడింది.

స్కౌట్‌ల నివేదికలు చదవడం నాకు అలవాటైపోయింది. సాహిత్య విమర్శ చదివేవాళ్ళకి ఇదొక మంచి గని. వాటిలో మళ్ళీమళ్ళీ వచ్చే మాట ‘విల్లింగ్ బ్లాకర్’. ఇష్టంగా అడ్డు నిలుస్తాడు అని. పొగడ్తలా వినిపిస్తుంది గాని, నైపుణ్యం అంతంతమాత్రమే, పని మాత్రం ఎగ్గొట్టడు అని దానర్థం. బంతి పట్టేవాడి గురించి ‘ఇష్టంగా పడతాడు’ అని ఎవరూ రాయరు. అక్కడ చేతులు, వేగం, తెలివి. ఇక్కడ మంచితనం. నైపుణ్యాన్ని స్వభావంగా మార్చేస్తే దానికి వెల కట్టక్కర్లేదు.

ఆ మాట నాకు కొత్త కాదు. 2011లో నా ప్రమోషన్ ఫైలు మొదటిసారి వెనక్కి వచ్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పరిశోధన, బోధన, సేవ అని మూడు శీర్షికలు. నా విభాగం నుంచి వచ్చిన ఉత్తరంలో వ్యాసాల సంఖ్య చాలదని ఒక పేజీన్నర, సేవ గురించి ఒక్క వాక్యం: ‘ఎప్పుడు ఏ పని అడిగినా సంతోషంగా చేస్తారు’. ఆరేళ్ళలో నాలుగు కమిటీలు, పాఠ్యప్రణాళిక తిరగరాయడం, చదువు మానేద్దామని వచ్చి నా గదిలో ఏడ్చిన పిల్లలు, పక్కగదుల మగ సహోద్యోగులు పుస్తకాలు రాసుకోవడానికి పనికొచ్చిన నా మధ్యాహ్నాలు, అన్నీ ఆ ‘సంతోషంగా’లో సర్దేశారు. రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ వచ్చింది. ఆ మాట మాత్రం పోలేదు.

ఇప్పుడు నేనే ఫైళ్ళు చూసే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ‘సేవ’ కింద ఏం రాశారో వరసగా చదివి వినిపిస్తాను, ఎంత సమయం పట్టి ఉంటుందో అడుగుతాను. ఒకసారి ఒక పెద్దాయన, “అది కొలవలేం కదండీ” అన్నారు. వ్యాసాలు మాత్రం ఎవరు కొలవగలిగారు, లెక్కపెట్టారంతే, అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

పేరుకీ డబ్బుకీ ఉన్న సంబంధం తెలియాలంటే జిమ్మీ గ్రాహమ్ సంగతి చూడాలి. 2014లో అతను, నేను ఎక్కువ ఆటల్లో వరసకి దూరంగా, బంతి పట్టేవాళ్ళ చోటే నిలబడ్డాను, నన్ను వైడ్ రిసీవర్‌గా లెక్కించండి అని మధ్యవర్తి ముందు వాదించాడు. ఆ ఏడాది వైడ్ రిసీవర్ వెల సుమారు 1 కోటి 23 లక్షల డాలర్లు, టైట్ ఎండ్ వెల సుమారు 70 లక్షలు. ఒక పని చేసేవాడికి ఎక్కువ, రెండు పనులు చేసేవాడికి తక్కువ. మధ్యవర్తి నువ్వు టైట్ ఎండ్‌వే అని తేల్చాడు. తన వెల పెంచుకోవడానికి గ్రాహమ్‌కి దొరికిన దారి, తక్కువ వెల ఉన్న పేరుని వదిలించుకోవడం. అతన్ని తప్పుపట్టలేను. మనలో ఎంతమంది ‘నేను ఉత్త గృహిణిని కాను’ అన్నాం!

కంబైన్‌లో ఇంకో దృశ్యముంది. కుర్రవాళ్ళని దాదాపు ఒంటిమీద బట్టల్లేకుండా నిలబెట్టి ఎత్తు, బరువు, చేతి పొడవు, చాచిన అరచేతి వెడల్పు కొలుస్తారు. వైద్యులు కీళ్ళు వంచి చూస్తారు. తర్వాత ఇంటర్వ్యూలు. 2010లో డెజ్ బ్రయంట్ అనే ఆటగాణ్ణి డ్రాఫ్ట్‌కి ముందు మయామీ జట్టు జనరల్ మేనేజర్ మీ అమ్మ వేశ్యా అని అడిగాడు. సంగతి బయటపడ్డాక క్షమాపణ చెప్పాడు. నడిపించి, జడ పొడుగు చూసి, తల్లి ఎలాంటిదో వాకబు చేసే పెళ్ళిచూపులు మనకి గుర్తొస్తాయి. నాకూ వచ్చాయి. అయితే ఇక్కడ వేరే పోలిక ఎప్పుడో ఉంది. నల్లజాతి ఆటగాళ్ళూ విమర్శకులూ దీన్ని బానిసల వేలంతో పోల్చారు. ఆ చరిత్ర ఈ నేలది. మన పెళ్ళిచూపులు తెచ్చి దాని మీద దుప్పటిలా కప్పడం నాకిష్టం లేదు.

2025 డ్రాఫ్ట్‌లో మా ఊరి కోల్ట్స్ జట్టు 14వ స్థానంలో టైలర్ వారెన్ అనే టైట్ ఎండ్‌ని తీసుకుంది. మా అబ్బాయి కేకకి పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. వారెన్ పేరు పక్కన పట్టికలో ‘మాకీ అవార్డు, 2024’ అని ఉంది. కాలేజీ టైట్ ఎండ్‌లలో ఉత్తముడికి 2000 నుంచి ఏటా ఇస్తున్న బహుమతి అది. మాకీ ఎవరని అడిగాను. పాత కోల్ట్స్ ఆటగాడు అన్నాడు. అంతవరకే వాడికి తెలుసు.

జాన్ మాకీ 1963లో కోల్ట్స్‌కి వచ్చాడు, ఆ జట్టు అప్పుడు బాల్టిమోర్‌లో ఉండేది. 1970లో ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టుకి స్వేచ్ఛగా పోకుండా ఆపే నియమం మీద అతని పేరుతో నడిచిన కేసు 1976లో గెలిచింది. తర్వాత, అరవై ఏళ్ళు రాకుండానే, మతిమరుపు జబ్బు మొదలైంది. 2011లో 69వ ఏట చనిపోయాడు. తలకి తగిలిన దెబ్బల వల్ల వచ్చే మెదడు క్షీణత అతని మెదడులో కనబడింది. విమానాశ్రయంలో తనిఖీవాళ్ళు ఉంగరాలు తీయమంటే తీసేవాడు కాదట, అవి ఆటలో గెలుచుకున్నవి. పక్కన నిలబడి అతనికీ కాపలావాళ్ళకీ నచ్చజెప్పే మనిషి అతని భార్య సిల్వియా. ఆరోగ్య బీమా కోసం ఆమె 56వ ఏట విమానంలో అటెండెంటుగా ఉద్యోగంలో చేరింది. ఎగిరొచ్చి అతన్ని చూసుకునేది.

భర్త జబ్బు ఎలాంటిదో, చూసుకునే మనిషిని అది ఏం చేస్తుందో వివరంగా రాసి ఆమె లీగ్ కమిషనర్‌కి ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం కదిలించాక, మతి తప్పిన పాత ఆటగాళ్ళ సంరక్షణకి 2007లో ఒక పథకం వచ్చింది. మాకీ చొక్కా మీది అంకె 88, కాబట్టి ‘88 ప్లాన్’ అన్నారు. మొదలైనప్పుడు, మనిషిని సంరక్షణ గృహంలో పెడితే ఏడాదికి 88,000 డాలర్ల దాకా ఇచ్చేవారు. ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటే 50,000 దాకా.