ఎర్ర చందమామ

పిల్లలూ! చంద్రగ్రహణం మీలో చాలామంది చూసే వుంటారు. గ్రహణం అంటే భూమినీడ చంద్రుడిమీద పడటమని బడిలో చెప్పే వుంటారు. అయితే మా మేనకోడలు ఒకసారి నన్నొక ప్రశ్న అడిగింది. "అత్తా, నీడ నల్లగా గదా వుండాలి? చందమామ ఎర్రగా ఎందుకున్నాడు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి ఆ రాత్రి నేను ఇంకొక జవాబు కూడా చెప్పవలసి వచ్చింది. ఆ సంగతే యిది.

అది 2018 జనవరి 31, మాఘ పూర్ణిమ. మేమంతా విజయవాడ నుంచి అవనిగడ్డ దగ్గర మా పాత ఊరికి వెళ్ళాం. మాఘ పూర్ణిమకు హంసలదీవిలో, కృష్ణ సముద్రంలో కలిసేచోట, మా అమ్మ స్నానం చేయాలన్నది. తెల్లవారుజామున స్నానం ముగించుకుని ఇంటికి చేరాం. సాయంత్రం గ్రహణం. చంద్రుడు ఉదయించేటప్పటికే నీడ పట్టి వుంటాడు గనక దీన్ని పంచాంగంలో గ్రస్తోదయం అంటారు. మధ్యాహ్నమే భోజనాలు కానిచ్చి, అమ్మ ఆవకాయ జాడీలమీద దర్భలు వేసి, లోపలిగదిలో కూర్చుంది. ఆవిడ ఏ గ్రహణాన్నీ ఎన్నడూ చూడలేదు.

నేనూ, పదేళ్ళ మేనకోడలూ పంటకాలువ గట్టుమీదికి వెళ్ళాం. వరి కోతలయి పోయి చేలన్నీ మినుముతో పచ్చగా వున్నాయి. డెల్టాలో ఒక సుఖం వుంది, తూర్పున అడ్డం వచ్చే కొండలుండవు. ఆరు దాటగానే చందమామ లేచాడు. అప్పటికే సగానికి పైగా నీడలో వున్నాడు. 6 గంటల 21 నిమిషాలకు మిగిలిన ముక్క కూడా మాయమయింది. ఇంకా సంధ్యవెలుగు పోలేదు గనక కాసేపు ఏమీ కనిపించలేదు. చీకటి పడేకొద్దీ అక్కడే, కాలిన ఇటుక రంగులో, గుండ్రంగా బయటపడ్డాడు.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పత్రికలన్నీ "సూపర్ బ్లూ బ్లడ్ మూన్" అని రాశాయి. జనవరిలో రెండో పూర్ణిమ గనక బ్లూ అట. చంద్రుడు నీలంగా వుండటమూ లేదు, అక్కడ నెత్తురూ లేదు. ఇలాంటి పేర్లు పెట్టేవాళ్ళు పిల్లల్ని దడిపించటం తప్ప చేసేదేమీ లేదు.

సరే, ఇంటికి తీసుకువచ్చి వరండాలో దీపాలార్పేశాను. మీరూ యిది చేసి చూడవచ్చు. ఒక గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, నాలుగైదు చుక్కలు పాలు వేసి కలపండి. గ్లాసుకు ఒక పక్క టార్చిలైటు పెట్టి వెలిగించండి. ఇటుపక్కనుంచి చూస్తే నీళ్ళు లేత నీలంగా వుంటాయి. ఎదుటినుంచి గ్లాసులోగుండా టార్చిని చూస్తే అది పసుపుగా, మరో రెండు చుక్కలు వేస్తే నారింజగా కనిపిస్తుంది. తెల్లని వెలుగులో అన్ని రంగులూ వున్నాయి గదా? పాలలోని సన్నని నలుసులు నీలాన్ని ఎక్కువగా పక్కలకు చెదరగొడతాయి. ఎరుపు చాలావరకు తిన్నగా వెళ్ళిపోతుంది.

గాలి చేసే పని కూడా యిలాంటిదే. గాలి అణువులు ఎరుపుకంటే నీలాన్ని అయిదారు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగలు ఆకాశం నీలంగా వుండేది అందుకే. సూర్యుడు అస్తమించేటప్పుడు ఆయన వెలుగు మనకు నడినెత్తినుంచి వచ్చేదానికన్న సుమారు నలభై రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలమంతా చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణలో సూర్యాస్తమయం చూసినవాళ్ళకు ఆ రంగు వేరే చెప్పక్కరలేదు.

ఇప్పుడు చందమామ దగ్గరికి వద్దాం. ఆ రోజు ఆయన మనకు సుమారు 3 లక్షల 60 వేల కిలోమీటర్ల దూరంలో వున్నాడు. అంత దూరాన కూడా భూమి దట్టపునీడ సుమారు 9,000 కిలోమీటర్ల వెడల్పు వుంటుంది. చంద్రుడి అడ్డుకొలత 3,475 కిలోమీటర్లే. అందుకే పూర్తిగా మునిగిపోతాడు. భూమికి గాలి లేకపోతే ఆయన మనకు దాదాపు కనిపించకుండానే పోయేవాడు. కాని భూమిచుట్టూ వున్న గాలిపొర భూతద్దంలాగా సూర్యకాంతిని కాస్త లోపలికి వంచుతుంది. అలా వంగి నీడలోకి వచ్చేది, గాలిలో బహుదూరం ప్రయాణించి నీలాన్ని పోగొట్టుకున్న ఎర్రని వెలుగు.

ఆ సమయానికి చంద్రుడిమీద ఎవరైనా నిలబడి చూస్తే, నల్లని భూమిచుట్టూ ఎర్రని వలయం కనపడుతుంది. ఆ క్షణాన భూమ్మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తున్నదో, ఎక్కడెక్కడ కుంకుతున్నదో, అవన్నీ కలిసి ఆ వలయం. మాకు చందమామ పూర్తిగా మునిగినప్పుడు బళ్ళారి ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తున్నాడు, అమెరికాలో తెల్లవారుతున్నది. బళ్ళారి నేలను రాసుకుంటూ వచ్చిన సంధ్యకాంతి మా తలలమీదుగా, ఎంతో ఎత్తున దాటిపోయి, తూర్పున చందమామమీద పడుతున్నదన్నమాట. ఇది చెప్పగానే పిల్ల తల పైకెత్తి చూసింది, ఆ వెలుగు పోతూ కనపడుతుందేమోనని!

గాలిలో దుమ్ము పెరిగితే ఎరుపు ఇంకా ముదురుతుంది. 1991లో ఫిలిప్పీన్సులో పినతూబో అగ్నిపర్వతం బద్దలయింది. ఆ దుమ్ము ఆకాశంలో నిలిచిపోవటాన 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు కనీకనపడనంత నల్లగా వున్నాడు. భూమినీడే చంద్రగ్రహణానికి కారణమని మన ఆర్యభటుడు 499లోనే రాశాడు. పంచాంగంలో గంటా నిమిషమూ సరిపోతున్నాయంటే అది ఆ నీడ లెక్కే.

ఇంతలో లోపలిగదినుంచి అమ్మ గొంతు వినపడింది. "అమ్మాయ్, ఉత్త నీడే అయితే మరి నీ పెదవి?"

పిల్లలూ, నేను పుట్టినప్పుడు నా పై పెదవి చీలి వుండేది. దాన్ని మనవాళ్ళు గ్రహణమొర్రి అంటారు. చిన్నప్పుడే ఆపరేషను చేసి కుట్టారు. సన్నని గీత ఇప్పటికీ వుంది. మీ వయసులో ఆ గీత చూసి తోటిపిల్లలు నన్ను ఏడిపించేవాళ్ళు. దానికన్న పెద్ద కష్టం మా అమ్మది. 1971 ఆగస్టు 6 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అమ్మకు అప్పుడు ఏడో నెల. రెండేళ్ళ మా అన్నయ్య మొలతాడు బిగిసి ఏడుస్తూవుంటే, చూడలేక కత్తెరతో దాన్ని తెంచింది. అక్టోబరులో నేను పుట్టాను. కత్తెర పట్టినందువల్లనే అలా అయిందని అందరూ అన్నారు. అమ్మ నమ్మింది.

నేను గడపదగ్గర కూర్చుని చెప్పాను. "బిడ్డ పెదవి మొదటి రెండు నెలల్లోనే ఏర్పడుతుందమ్మా. రెండుపక్కలనుంచీ పెరిగే కండ మధ్యలో కలుసుకోవాలి. ఒక్కొక్కప్పుడు కలవదు. కొందరికి అది వంశంలో వస్తుంది, కొందరికి కారణం తెలియదు. నీకు ఆగస్టుకు ఏడో నెల. నా పెదవి మార్చికే తయారయిపోయింది."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వేళ్ళమీద నెలలు లెక్కపెడుతున్నదని చీకట్లో గాజుల చప్పుడువల్ల తెలిసింది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

ఈ సంగతి నాకు ఒక డాక్టరుగారు చెప్పి అప్పటికే పదిహేనేళ్ళయింది. అమ్మకు చెప్పాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆవిడ ఇంకా ఆ కత్తెరను తలుచుకుంటున్నదని నేననుకోలేదు. తప్పు నాదే.

ఏడున్నరకు అమ్మ లేచి, మనమరాలి భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూడవచ్చు, కళ్ళకేమీ కాదు. ప్రమాదమంతా సూర్యగ్రహణంతోనే. అమ్మ కళ్ళు చికిలించి, "ఓసి, పెనంమీద మాడిన రొట్టెలాగున్నాడే!" అన్నది. కొద్ది నిమిషాలకే ఒక అంచున తెల్లని మెరుపు తగిలింది. ఎరుపు వెలిసిపోసాగింది.

"మళ్ళీ ఎప్పుడే?" అని అడిగింది అమ్మ.

"జూలైలో. 27వ తేదీ అర్ధరాత్రి దాటాక. ఈ శతాబ్దంలోకెల్లా పొడుగైనది, 103 నిమిషాలు," అన్నాను.

ఆ జూలై రాత్రి విజయవాడలో మా ఇంటిమీద మబ్బు పట్టింది. రెండుగంటలవేళ మెలకువ వచ్చి చూస్తే, అమ్మ డాబామీద కుర్చీ వేసుకుని, కొంగు కప్పుకుని, మబ్బు ఎప్పుడు విడుతుందా అని పైకి చూస్తూ కూర్చుని వుంది.