విటమినే కదా!

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అక్క.

మాది నాదర్‌గుల్. నాయిన తాపీ పనికి పోతాడు. నిరుడు అక్కకు ఒక సంబంధం వచ్చింది. "పిల్ల మంచిదే గాని నలుపు" అని కబురు పంపారు. ఎవరో చెబితే ఎల్.బి.నగర్ వైపు ఒక క్లినిక్‌కు వెళ్లాం. ఒళ్లు తెల్లబడడానికి గ్లూటాథయోన్, విటమిన్ సి కలిపి నరంలోకి ఎక్కిస్తారట. మొత్తం ఆరుసార్లు. అందుకోసం నాయిన చిట్టీ ఎత్తాడు.

అంతకు ముందు ఎండాకాలంలో అక్క కిడ్నీలో రాయితో అల్లాడిపోయింది. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. "విటమినే కదా, ఏం కాదు" అన్నారు. ఎన్ని గ్రాములు ఎక్కిస్తారో కాగితం మీద రాసివ్వమంటే రాయలేదు. అక్కను తీసుకుని బయటికి వచ్చేశాను.

నేను చదివేది జీవరసాయన శాస్త్రం. చదివిన చదువు ఇంటికి పనికొచ్చింది ఆ రోజే. నోటితో తీసుకున్న విటమిన్ సిని పేగులు కొంతవరకే పీల్చుకుంటాయి. నరంలోకి ఎక్కిస్తే ఆ అడ్డు ఉండదు, రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. శరీరంలో కొంత ఆక్సలేట్‌గా మారి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. పుట్టుకతో జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి పెద్ద మోతాదు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం పైకి కనబడదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. షుగర్ చూసే చిన్న మిషన్ కూడా తప్పు లెక్క చూపవచ్చు.

ఈ సూదికి అసలు పని వేరే ఉంది. చిగుళ్లు నెత్తురు కారే స్కర్వీ జబ్బుకు అమెరికాలో 2017లో దీనిని అనుమతించారు. పెద్దలకు రోజుకు 200 మిల్లీగ్రాములు, వారం రోజులకు మించకుండా. తెల్లబడడానికి అక్కడ ఏ సూదికీ అనుమతి లేదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఐ.సి.యు.లో ఉన్నవారికి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసిన పరిశోధన 2022లో వెలువడింది. 28వ రోజుకు మరణించినవారు, అవయవాలు కోలుకోనివారు కలిపి మందు ఇవ్వనివారిలో 38.5 శాతం ఉంటే, ఇచ్చినవారిలో 44.5 శాతం ఉన్నారు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. ఒక జామకాయ తింటే వచ్చేస్తుంది.

ఇవన్నీ చెబితే నాయిన ఒకటే అడిగాడు: "సంబంధం పోతే నువ్వు తెస్తవారా?" నా దగ్గర జవాబు లేదు. సంబంధం పోయింది. నాయిన పది రోజులు నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం ఆ చిట్టీ డబ్బుల్లోంచి అడిగి కుట్టుమిషన్ కొనుక్కుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సూది వేయించుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ మందు? ఎంత మోతాదు? ఏ జబ్బుకు? నలుపు జబ్బు కాదు. అది మా ఇంట్లో అందరికంటే ముందు అర్థమైంది అక్కకే.